పెయిర్డ్ టి-టెస్టా, ఇండిపెండెంటా: కస్టమర్ సర్వేకి ఏది మేలు?

రెండు సగటుల మధ్య తేడా నిజమైనదా, కాకతాళీయమా అని తేల్చేది టి-టెస్ట్. ఒకే మనుషుల రెండు జవాబుల్ని జతగా పోలిస్తే పెయిర్డ్, వేర్వేరు మనుషుల గుంపుల్ని పోలిస్తే ఇండిపెండెంట్. ఎంబీఏ ప్రాజెక్టుల్లో తరచూ జరిగే పని ఇది. సరుకులకి నగదు ఇచ్చిన నెలలో ఎంత ఖర్చయింది, యూపీఐతో కట్టిన నెలలో ఎంతయింది అని ఒకే మనుషుల్ని రెండుసార్లు అడుగుతారు, అంతా బాగానే ఉంటుంది, తీరా లెక్క దగ్గరికొచ్చేసరికి ఇండిపెండెంట్ టి-టెస్ట్ నొక్కేసి "తేడా ఏమీ లేదు" అని రాసి చేతులు దులుపుకుంటారు. తేడా ఉండే ఉంటుంది, టెస్టే దాన్ని మింగేసింది.

ఊరికే చెబితే నమ్మబుద్ధి కాదు, అంకెలు వేసి చూద్దాం. ఎనిమిది మంది అనుకోండి. నగదు నెలలో ఒకరి ఖర్చు 1,500 రూపాయలు, ఇంకొకరిది 7,300, మిగతావాళ్లు మధ్యలో. సగటు 4,050. యూపీఐ నెలలో సగటు 4,150. మనిషి మనిషికీ వచ్చిన తేడాలు ఇవి: 150, 100, 200, 50, 150, -50, 100, 100.

ఇండిపెండెంట్ టెస్టుకి ఇవి పదహారు మంది వేర్వేరు మనుషుల ఖర్చులు. ఇంటికీ ఇంటికీ ఉన్న తేడా (స్టాండర్డ్ డీవియేషన్, అంటే సగటు నుంచి అంకెలు ఎంత చెదిరాయన్న కొలత, దాదాపు 2,000) ముందు ఈ వంద రూపాయలు ఎక్కడ ఆనతాయి? టి విలువ 0.1 వస్తుంది, తేడా ఉందనాలంటే దాటాల్సింది 2.145.

పెయిర్డ్ టెస్టుకి ఎవరు ఎంత ఖర్చుపెట్టే మనిషన్నది అక్కర్లేదు, తేడాల వరుస ఒక్కటే చాలు. వాటి సగటు 100, డీవియేషన్ 75.6, దాన్ని ఎనిమిది వర్గమూలంతో భాగిస్తే 26.7. వందని 26.7తో భాగిస్తే టి 3.74, దాటాల్సింది 2.365. అవే అంకెలు, తీర్పు పూర్తిగా తిరగబడింది.

అలాగని కనబడిన ప్రతిదాన్నీ జత కట్టకూడదు. ఒక షాపులో యాభై మందినీ పక్క షాపులో ఇంకో యాభై మందినీ అడిగి, రెండువైపులా యాభై ఉన్నాయి కదా అని పక్కపక్కన పెడితే అవి జతలైపోవు. అక్కడ ఇండిపెండెంటే సరైనది. పేరూ నంబరూ లేని ఫారంతో రెండుసార్లు సర్వే చేసినా అంతే, ఎవరి జవాబు ఎవరిదో కలపలేరు. అందుకే ఒక్కొక్కరికి ఒక కోడ్ ఇవ్వడం మొదటి రోజే జరగాలి, తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ కాపాడదు.

విల్‌కాక్సన్ సైన్డ్-ర్యాంక్ (1945 నాటిది, తేడాల అంకెల బదులు వాటి పరిమాణాన్ని బట్టి ఇచ్చే ర్యాంకుల్ని చూసే టెస్టు) సంగతేంటంటే, శాంపిల్ చిన్నదై, తేడాల్లో ఒకటో రెండో మరీ విపరీతంగా ఉంటే అదే నయం. పెయిర్డ్ టి-టెస్టుకి చూడాల్సింది తేడాలు నార్మల్‌గా (సగటు చుట్టూ గంట ఆకారంలో) ఉన్నాయా అని, అసలు ఖర్చులు కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. మన ఎనిమిది మందికీ విల్‌కాక్సన్ వేస్తే రుణ ర్యాంకుల (ఖర్చు తగ్గినవాళ్ల ర్యాంకుల) మొత్తం 1.5 వస్తుంది, ఈ టెస్టులో తేడా ఉందనాలంటే 3 దాటకూడదు, దాటలేదు కాబట్టి తీర్పు అదే. కొంటారా కొనరా లాంటి అవును-కాదు జవాబులకైతే ఇవేవీ కాదు, మెక్‌నీమర్ టెస్టు వేయండి.

నా ఓటు మాత్రం పెయిర్డ్‌కే. అసలు 1908లో గిన్నిస్ బ్రూవరీ ఉద్యోగి గాసెట్ 'స్టూడెంట్' అనే మారుపేరుతో ఈ పద్ధతిని అచ్చువేసినప్పుడు చూపించిన ఉదాహరణల్లోనూ ఇలాంటిదే ఉంది: పది మంది రోగులు, రెండు మందులు, ఎవరికి ఎంత నిద్ర పెరిగింది అని.

కాకపోతే టెస్టు సరిగ్గా ఎంచుకున్నా సర్వే తప్పయితే లాభం లేదు. యూపీఐ నెలలోనే దసరా పడిందనుకోండి, ఆ వంద రూపాయలు ఎవరి ఖాతాలో వేస్తారు? అందుకే సగం మందికి ముందు నగదు, సగం మందికి ముందు యూపీఐ పెట్టాలి. రుచి చూపించే సర్వేల్లో కూడా ఇదే పద్ధతి, ఎందుకంటే మొదట తిన్నది రెండోదాని రుచిని మార్చేస్తుంది.

ఎక్సెల్‌లో అయితే టి.టెస్ట్ ఫార్ములాలో చివరి అంకె 1 వేస్తే పెయిర్డ్. అది పీ-విలువ (అసలు తేడా లేకపోయినా ఇంత లేదా ఇంతకన్నా ఎక్కువ తేడా కనబడే అవకాశం) ఒక్కటే ఇస్తుంది, గైడ్ కూడా చాలాసార్లు అదే అడుగుతారు. మీరు దాంతోపాటు తేడా ఎంత నుంచి ఎంత వరకు ఉండొచ్చో కూడా రాయండి, మన లెక్కలో 95 శాతం కాన్ఫిడెన్స్‌తో అది 37 నుంచి 163 రూపాయలు.