సెకండ్‌హ్యాండ్ .32 టాప్‌బ్రేక్ రివాల్వర్: ఐదు ఖాళీలు రాలాయి, ఆరోది ఇరుక్కుంది

ఈ రివాల్వర్‌లో నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది దాని మడత, టాప్‌బ్రేక్ అనేది దీన్నే. ఎడమవైపు ఉన్న లివర్‌ని బొటనవేలితో నొక్కి గొట్టాన్ని కిందికి వంచితే సిలిండర్ వెనకభాగం మొత్తం బయటపడుతుంది. మధ్యలోంచి ఎక్స్‌ట్రాక్టర్ లేచి ఆరు ఖాళీ కేసుల్నీ (పేలాక మిగిలే తూటాల ఇత్తడి తొడుగుల్ని) ఒకేసారి ఎత్తేస్తుంది. పూర్తిగా వంగాక అదే టక్కుమని వెనక్కి కూర్చుంటుంది. కడ్డీ పెట్టి ఒక్కొక్కటీ పొడిచే పని లేదు, అరచేత్తో కొట్టే పని లేదు. పాత బ్రిటిష్ వెబ్లీ రివాల్వర్ల నమూనా నుంచి వచ్చిన ఏర్పాటు ఇది. చూడ్డానికి ముసలిదే గాని, ఖాళీ చేయడంలో దీన్ని మించింది లేదని చాలాకాలం అందరికీ చెప్పేవాణ్ణి.

పాత .32 బోరు రివాల్వర్లు బేరానికి రావడానికి ఒక కారణం 2019 చట్ట సవరణ. ఒక్కో లైసెన్సుదారుడి దగ్గర ఉండగల తుపాకులు మూడు నుంచి రెండుకి తగ్గాయి. తాతలనాటి డబుల్ బ్యారెల్ వదల్లేక రివాల్వర్ అమ్మేసినవాళ్లున్నారు. ఇలాంటివి పెట్టెలో పడున్నవే తప్ప పెద్దగా పేల్చినవి కావు. అదే వీటి బలం, అదే బలహీనత కూడా. అరుగుదల ఉండదు, తుప్పు ఉంటుంది.

వ్యక్తి దగ్గర నేరుగా కొంటే తొందరపడకండి. అమ్మేవాడు జిల్లా మేజిస్ట్రేటుకి గాని దగ్గర్లోని పోలీస్ స్టేషన్ అధికారికి గాని ముందుగా రాసిచ్చి, 45 రోజులు గడిచాకే చేతులు మారాలి. మీ లైసెన్సులో కొనుగోలు గడువు ఈలోపు తీరిపోకుండా చూసుకోవాలి. తుపాకీ మీది నంబరూ అమ్మేవాడి లైసెన్సులో నంబరూ అంకె అంకె సరిచూడండి. ఒక్క అంకె తేడా ఉన్నా బేరం అక్కడితో ఆపేయడమే మేలు.

ఇక పరీక్ష. ముందు తెరిచి, ఖాళీ అని కళ్లతో చూసి, వేలితో తడిమి, అప్పుడు మొదలుపెట్టాలి. మూసి, ఒక చేత్తో గొట్టం, ఇంకో చేత్తో పిడి పట్టుకుని పక్కలకి మెలిపెట్టి చూడండి. లాచ్ (పైన బిగుసుకునే గొళ్లెం) దగ్గరగాని కింద కీలు దగ్గరగాని కదలిక చేతికి తెలిస్తే వద్దు. టాప్‌బ్రేక్‌లో పేలుడు వత్తిడంతా మోసేది ఆ రెండు చోట్లే, అవి అరిగాయంటే తక్కువ ఖర్చుతో బాగుపడేవి కావు.

తర్వాత సుత్తిని (తూటా అడుగుని కొట్టే వెనకవైపు మీటని) మెల్లగా వెనక్కి లాగుతూ ఆరు చాంబర్లూ (సిలిండర్‌లో తూటాలు కూర్చునే గదులు) వరసగా చూడండి. సుత్తి పూర్తిగా నిలిచేసరికి ప్రతి చాంబరూ గొట్టానికి ఎదురుగా వచ్చి ఆగాలి. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఊరికే మూసి ఉన్నప్పుడు సిలిండర్ కొంచెం ఊగుతుంది, ఈ నమూనాలో అది సహజం. అసలు బిగువు తెలియాలంటే సుత్తిని వేలితో పట్టుకుని మెల్లగా దించి, ట్రిగ్గర్‌ని నొక్కిపట్టే ఉంచి, అప్పుడు సిలిండర్‌ని కదపాలి. అప్పుడు కూడా ఊగితే గురి కుదరదు, సీసం తునకలు పక్కకి చిమ్ముతాయి. సుత్తి లాగి ఉంచి బొటనవేలితో వెనకనుంచి తోస్తే అది పడిపోకూడదు.

సిలిండర్‌కీ గొట్టానికీ మధ్య సందు కొలవడానికి ప్రత్యేకమైన సామాను అక్కర్లేదు, మోటార్‌సైకిల్ మెకానిక్ ట్యాపెట్లు చూసే ఫీలర్ గేజి చాలు. 0.10 మి.మీ. నుంచి 0.25 మి.మీ. లోపు ఉంటే తీసుకోవచ్చు. అంతకు మించితే వేడిగాలి పక్కకి బాగా కొడుతుంది. చివరగా సన్న టార్చితో ఆరు చాంబర్ల లోపలి గోడలు చూడండి. గొట్టం మెరుస్తోందని మురిసిపోయి చాంబర్లు చూడకుండా వదిలేస్తే ఏమవుతుందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

తూటాల సంగతి ఒకటి గట్టిగా చెప్పాలి. ‘.32 ఇవ్వండి’ అంటే సరిపోదు. రివాల్వర్‌ది .32 లాంగ్, అంచు బయటికి ఉండే 23 మి.మీ. పొడుగు కేసు. పిస్టల్‌ది .32 ఏసీపీ, 17 మి.మీ. పొట్టి కేసు. పొట్టిది ఈ చాంబర్లోకి దూరుతుంది కూడా, అదే ప్రమాదం. దాని వత్తిడి ఎక్కువ, అంచు చిన్నది కావడంతో సరిగ్గా కూర్చోదు, ఎక్స్‌ట్రాక్టర్‌కి అందదు. పెట్టె మీద చదివి, ఒకటి తీసి చూసి కొనండి.

మాగ్నమ్ (బాగా బలమైన తూటా రకం) మోజు ఉన్నవాళ్లు దీన్ని చూసి ‘ఏటి బావూ, ఇది పేలుద్దా?’ అంటారు. నిజమే, దీని గుండు 6.3 గ్రాములు, .44 మాగ్నమ్‌ది 15.5 గ్రాములు. .32 లాంగ్‌కి అనుమతించిన గరిష్ఠ వత్తిడి 15,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) అయితే .44కి 36,000. మడతపడే ఫ్రేము అంత వత్తిడి మోయడానికి చేసింది కాదు. లైసెన్సు చేతిలో ఉన్నా, దేశీ .32 తూటా దొరికినంత తేలిగ్గా మాగ్నమ్ తూటా దొరకదు, దొరికినా పొదుపుగా దాచుకోవాల్సిందే. పేల్చకుండా దాచుకునే తుపాకీతో చెయ్యి ఎలా కుదురుతుంది?

పేల్చినప్పుడు అదురు తక్కువ, మణికట్టుకి శ్రమ లేదు. పిడి మాత్రం చిన్నది, చిటికెన వేలుకి చోటుండదు. 10 మీటర్లలో సుత్తి లాగి పేలిస్తే ఆరూ 8 సెంటీమీటర్ల లోపు పడతాయి. సుత్తి లాగకుండా నేరుగా ట్రిగ్గర్ నొక్కితే అదే 20 దాటుతుంది, ఎందుకంటే ఆ లాగుడు బరువు. తేలిక చేస్తామని మెయిన్ స్ప్రింగు అరగదీసేవాళ్ల మాట వినకండి. సుత్తి దెబ్బ తగ్గి ప్రైమర్ (తూటా అడుగున దెబ్బకి అంటుకునే మందు బిళ్ల) పేలదు. అప్పుడు గొట్టం గురివైపే ఉంచి 30 సెకన్లు ఆగి తెరవాలి. ‘తుస్’మని బలహీనంగా వినిపిస్తే ఇంకో తూటా పేల్చకుండా తెరిచి, గొట్టంలో గుండు ఇరుక్కుందేమో చూడాలి.

అసలు గొడవ 2024 ఎన్నికల తర్వాత బయటపడింది. మార్చిలో ఎన్నికల కోడ్ వచ్చి లైసెన్సు తుపాకులు అప్పగించాల్సి రావడంతో అందరిలాగే నా తుపాకీ కూడా జమ అయింది, తిరిగి వచ్చేసరికి జూన్ దాటింది. జమ అయింది తోలు ఒరతో సహా. శ్రీకాకుళం జిల్లాలో బారువ నుంచి భావనపాడు దాకా సముద్రం పక్క ఊళ్లలో ఇనుప గేటుకి ఏటా రంగు వేసినా నిలవదు. ఆ ఉక్కలో తోలు చెమ్మని పీల్చి పట్టుకుంటుంది, పైగా తోలు ఊనినప్పటి రసాయనాలు అందులో మిగిలే ఉంటాయి. పైకి నల్లగా నిగనిగలాడుతూనే వచ్చింది. లోపల రెండు చాంబర్లలో మిరియపు గింజ కన్నా చిన్న తుప్పు మచ్చలు. తుడిస్తే పోయాయి, కింద సన్నటి గుంటలు మిగిలాయి.

షూటింగ్ రేంజిలో ఆరూ పేలాయి. మడిస్తే ఐదు రాలాయి. ఆరోది సగం లేచి ఆగింది. జరిగిందేమిటంటే, పేలినప్పుడు ఇత్తడి ఉబ్బి ఆ గుంటల్లోకి కరుచుకుంది. ఎక్స్‌ట్రాక్టర్ దాని అంచుని కొంతదూరం ఎత్తి, జారి, అంచు దాటి పైకి పోయింది. పూర్తిగా వంగగానే అలవాటు ప్రకారం టక్కుమని వెనక్కి వచ్చి ఆ కేసు నెత్తిన కూర్చుంది. ఇప్పుడు ఎక్స్‌ట్రాక్టర్ కిందికి దిగదు, కేసు పైకి రాదు, తుపాకీ మూసుకోదు. ఆరు కేసుల్నీ ఎత్తే ఆ చక్కటి ఏర్పాటే తాళం వేసినట్టు అయింది.

బలవంతంగా మూయబోతే ఎక్స్‌ట్రాక్టర్ కాడ వంగుతుంది, స్క్రూడ్రైవర్‌తో పెళ్లగిస్తే చాంబర్ అంచు చెడుతుంది. చేయాల్సింది ఇది. గొట్టం పూర్తిగా వంచి ఉంచి, ఎక్స్‌ట్రాక్టర్‌ని గోటితో పైకి లాగి, దాని కింద రెండు అగ్గిపుల్లలు అడ్డం పెట్టాలి. సిలిండర్‌ని చేత్తో తిప్పి ఇరుక్కున్న చాంబర్‌ని గొట్టానికి ఎదురుగా తేవాలి. తర్వాత గొట్టం మూతివైపు నుంచి 6 మి.మీ. చెక్కపుల్ల గాని ఇత్తడి కడ్డీ గాని దూర్చి కేసు అడుగుని తోయాలి. మామూలు పెన్సిల్ 7 మి.మీ. ఉంటుంది, అదీ పడుతుంది. ఇనుపకడ్డీ వద్దు, గొట్టం లోపలి మరలు గీరుకుపోతాయి.

కరుచుకోవడానికి గుంటలు కారణమైతే, జారడానికి తెరిచే పద్ధతి కూడా కారణమే. నెమ్మదిగా, గొట్టం నేలకి వంచి తెరిస్తే లేచిన కేసులు మళ్లీ లోపలికే జారతాయి. తెరుస్తూనే తుపాకీని కుడివైపుకి ఒరగదీసి, సిలిండర్ వెనకభాగం నేలవైపు ఉండేలా, ఒక్క ఊపున వంచాలి. అప్పుడు బరువు మనవైపు పనిచేస్తుంది. ఎక్స్‌ట్రాక్టర్ పళ్ల కింద కాలని తుపాకీమందు పలుకులు పేరుకున్నా అంచు పట్టు తప్పుతుంది, దానికి పాత టూత్‌బ్రష్ చాలు.

గుంటలకి మందు లేదు. లైసెన్సున్న మరమ్మతుదారు చాంబర్‌ని మెరుగుపెట్టగలడు గాని, గుంట పోయేదాకా అరగదీస్తే చాంబర్ వదులై కేసు చీలుతుంది. కాబట్టి పైపై మెరుగుతో సరిపెట్టుకోవాలి. ఇప్పుడు ఒక చాంబర్ బాగుంది, రెండోది కొంచెం పట్టి వదులుతుంది. ఎండాకాలంలో ఒక్కోసారి అదీ మొరాయిస్తుంది.

ఒరలో దాచడం పూర్తిగా మానేయాలి. ఉతికిన నూలుగుడ్డలో చుట్టి, మూత బిగుసుకునే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టి, వానాకాలంలో వారానికోసారి తీసి తుడవాలి. కొబ్బరినూనె ఇంట్లో ఉంది కదా అని రాసేస్తారు మనవాళ్లు. అది చలికి గడ్డకడుతుంది, నిలవుంటే జిగురవుతుంది. గన్ ఆయిల్ ఒక్క చుక్క గుడ్డకి అద్ది చాంబర్లలో తిప్పితే చాలు, పేల్చేముందు పొడిగుడ్డతో తీసేయాలి. జమ చేసేటప్పుడు కూడా ఒర లేకుండా, నూనె పట్టించి, గుడ్డలో చుట్టి ఇవ్వండి.

ఉద్దానం తోటలవాళ్లు ఎలుగుబంట్ల కోసమని అడుగుతుంటారు. వద్దు. ఎలుగు వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్ జంతువు, పైగా ఈ గుండు దాన్ని రెచ్చగొడుతుందే తప్ప ఆపదు. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి పేల్చే సరదా ఉంటే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

మళ్లీ కొంటానా అంటే, చాంబర్లు ఆరూ శుభ్రంగా ఉన్నది, ధర కొత్తదానికి బాగా దిగువన దొరికితే కొంటాను, అదీ నాలాగ అప్పుడప్పుడు రేంజికి వెళ్లేవాడికి, వారానికోసారి గుడ్డ పట్టుకునే ఓపిక ఉన్నవాడికి. సముద్రానికి దూరంగా, పార్వతీపురం వైపు ఉండేవాళ్లకి ఇంత బాధ ఉండకపోవచ్చు. ఒక్కసారి నూనె రాసి ఏడాది మరిచిపోయేవాళ్లు మాత్రం 2023లో వచ్చిన ప్రబల్ రివాల్వర్ లాంటి, సిలిండర్ పక్కకి తెరుచుకునే రకం చూసుకోండి. అందులో కేసులు చేత్తో తోయాలి, ఈ మడత ఉండదు. ఎక్స్‌ట్రాక్టర్‌ని వదిలేది మాత్రం మన చెయ్యే, కేసు బయటపడిందో లేదో చూసుకుని వదలొచ్చు.