రిడెంప్షన్ ఫీజు బాదుడు: ఎక్స్‌పైర్ అయిన డొమైన్లు వెనక్కి తెచ్చిన అనుభవంతో ఒక రివ్యూ

నేను గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల చిన్న వ్యాపారాలకి వెబ్‌సైట్లు చూసిపెడుతుంటా, అమెరికాలో ఉన్న మనవాళ్లవి కూడా కొన్ని నా దగ్గరే ఉన్నాయి. సైట్ బాలేదని ఫోన్ చేసేవాళ్లు తక్కువ, "డొమైన్ పోయిందంట, వెనక్కి వస్తుందా, ఎంతవుద్ది" అని చేసేవాళ్లే ఎక్కువ. దాదాపు పదేళ్లుగా రకరకాల రిజిస్ట్రార్ల (డొమైన్లు, అంటే సైట్ పేర్లు అమ్మే కంపెనీల) దగ్గర ఈ రికవరీ సర్వీసు జనం తరఫున కొంటూనే ఉన్నా, ఫోన్లకీ మిక్సీలకీ రివ్యూలు రాస్తారు గానీ దీనికి ఎవరూ రాయట్లేదు కాబట్టి నేనే మొదలెట్టా. స్టార్లు ఇవ్వమంటే, పని జరుగుతుందా అన్నదానికి ఐదుకి నాలుగున్నర, రేటుకి ఒకటి, అది కూడా మొహమాటానికి.

ముందు రేటు ఎక్కడ పుడుతుందో చెప్తా, ఎందుకంటే ఇది తెలీకే సగంమంది కస్టమర్ కేర్ వాళ్లతో గొడవ పడతారు. డాట్ కామ్ తీసుకుందాం. దీనికి రిజిస్ట్రీ, అంటే డాట్ కామ్ పేర్లన్నిటి లెక్క చూసే సంస్థ, వెరిసైన్, మనం కొనేది రిజిస్ట్రార్ దగ్గర. గడువు అయిపోయిన రోజున పేరు పోదు, రిజిస్ట్రీ తనంతట తనే ఇంకో ఏడాది పొడిగించేసి ఆ డబ్బు రిజిస్ట్రార్ ఖాతాలో కోసేస్తుంది, 45 రోజుల్లోపు రిజిస్ట్రార్ ఆ పేరుని డిలీట్ చేస్తే వాళ్ల డబ్బు వాళ్లకి తిరిగొస్తుంది. అందుకే ఎక్స్‌పైర్ అయ్యాక హూఈజ్‌లో (డొమైన్ వివరాలు ఎవరైనా చూసుకునే చోట) చూస్తే కొన్నిసార్లు వచ్చే ఏడాది తేదీ కనబడుతుంది, అది చూసి "హమ్మయ్య రెన్యూ అయిపోయింది" అని నిద్రపోయినవాళ్లు నాకు తెలుసు. ఆ తేదీని నమ్మకండి, మీ రిజిస్ట్రార్ అకౌంట్‌లో లాగిన్ అయి అక్కడున్న తేదీ చూడండి.

ఈ 45 రోజుల్లో మనకి గ్రేస్ కింద, అంటే కట్టుకోవడానికి అదనంగా, ఎన్ని ఇస్తారన్నది పూర్తిగా రిజిస్ట్రార్ ఇష్టం. కొందరు నెల పైన ఇస్తారు, మామూలు రెన్యువల్ రేటే తీసుకుంటారు. కొందరు రెండు మూడు వారాలు దాటగానే లేట్ ఫీజు అని మొదలెడతారు. అది కూడా దాటి డిలీట్ కొట్టారా, అప్పుడు రిడెంప్షన్‌లోకి, అంటే డిలీట్ అయిన పేరుని ఫీజు కట్టి విడిపించుకునే దశలోకి వెళ్తుంది, 30 రోజులు, ఇక్కడే బాదుడు. ఈ 30 అయ్యాక పెండింగ్ డిలీట్ అని 5 రోజులు, అందులో మీరు కోటి రూపాయలు ఇస్తామన్నా ఎవరూ ఏమీ చేయలేరు, ఆ తర్వాత పేరు అందరికీ ఓపెన్.

రిడెంప్షన్ నుంచి ఒక డాట్ కామ్ తీయడానికి వెరిసైన్ రిజిస్ట్రార్ దగ్గర తీసుకునేది 40 డాలర్లు. మనకి పడేది చాలాచోట్ల 80 నుంచి 100 పైన, దాని మీద ఒక ఏడాది రెన్యువల్ విడిగా, మొత్తం మీద 18 శాతం జీఎస్టీ. రెన్యువల్ హోల్‌సేల్ రేటు 2024 సెప్టెంబర్‌లో 10.26 డాలర్లు చేశారు. అంటే 80 డాలర్ల దగ్గరే ఆపినా మన చేతిలోంచి పోయేది పది వేలకి అటూ ఇటూ. తీయడం అంటే ఏంటో తెలుసా, రిజిస్ట్రార్ సిస్టమ్ నుంచి రిజిస్ట్రీకి ఒక రిస్టోర్ కమాండ్, తర్వాత ఎందుకు తీస్తున్నామో ఒక చిన్న రిపోర్ట్. అంతే. కొన్ని కంపెనీల్లో ఇది ఇప్పటికీ మనిషి కూర్చుని చేస్తాడు, టికెట్ వేసి రెండు మూడు రోజులు ఆగాలి, ఆ శ్రమకి కొంత తీసుకోవడం న్యాయమే అనుకుందాం, కానీ రిజిస్ట్రీ ఫీజు మీద పైసా కూడా వేసుకోకుండా అదే 40కి చేసిపెట్టే రిజిస్ట్రార్లు కూడా ఉన్నారు, మరి వాళ్లకి మనుషులు లేరా.

మా దగ్గర మిర్చి వ్యాపారం చేసే ఒకాయన కేసు చెప్తా, దీన్నిబట్టే ఈ ఫీజు గురించి నా అభిప్రాయం మారింది. ఆయన డొమైన్ మొదటి ఏడాది ఆఫర్‌లో వంద రూపాయల్లోపు కొన్నాడు, ఎవరో కుర్రాడు కొనిపెట్టాడు, ఆ కుర్రాడు బెంగళూరులో ఉద్యోగానికి వెళ్లిపోయాడు. నా దగ్గరకి వచ్చేసరికి రిడెంప్షన్‌లో ఉంది. రేటు చెప్పగానే "ఏంది తమ్ముడూ, వంద రూపాయల పేరుకి పదివేలా, వద్దులే, మధ్యలో ఒక గీత పెట్టి కొత్తది కొనేద్దాం" అన్నాడు. నాకూ సబబుగానే అనిపించింది, సైట్‌లో ఉన్నదల్లా నాలుగు ఫోటోలూ ఫోన్ నంబరూ. తీరా కూర్చుని మాట్లాడితే బయటపడింది ఏంటంటే ఆయన బ్యాంకు అకౌంట్‌కీ, జీఎస్టీ పోర్టల్‌కీ, వియత్నాం పార్టీలతో ఎల్‌సీ (బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) కాగితాలకీ అన్నిటికీ ఇచ్చిన మెయిల్ ఆ డొమైన్ మీదదే. ఆ పేరు రేపు ఎవరు కొన్నా, ఏ అడ్రస్‌కి వచ్చిన మెయిల్ అయినా ఒకే డబ్బాలో పడేలా సెట్ చేసుకోవచ్చు, క్యాచ్ ఆల్ అంటారు, దానికి ఐదు నిమిషాలు పట్టదు. పాస్‌వర్డ్ మర్చిపోయాం అని నొక్కితే ఆ లింకు వాడికే పోతుంది. ఇది చెప్పాక ఆయన ఇంకో మాట మాట్లాడకుండా కట్టేశాడు.

అప్పట్నుంచి నేను ఎవరికైనా అడిగే మొదటి ప్రశ్న అదే, ఈ డొమైన్ మీద మెయిల్ ఎక్కడెక్కడ ఇచ్చారు అని. సైట్ కోసం అయితే చాలా కేసుల్లో పదివేలు దండగ, సైట్‌ని ఇంకో పేరు మీద నిలబెట్టొచ్చు. మెయిల్ కోసం అయితే ఇరవై వేలు అడిగినా చవకే. ఇది ఏ రిజిస్ట్రార్ పేజీలోనూ రాయరు, వాళ్లు "మీ బ్రాండ్ విలువైనది" లాంటి కబుర్లు చెప్తారు.

ఇక నోటీసుల సంగతి. 2013 నుంచి ఐకాన్ (డొమైన్లకి నియమాలు పెట్టే సంస్థ) రూల్ ఉంది, గడువుకి నెల ముందు ఒకటి, వారం ముందు ఒకటి, గడువు అయ్యాక ఐదు రోజుల్లో ఇంకొకటి, ఇలా మెయిళ్లు పంపాలి, రెన్యువల్ ఎంత, లేట్ అయితే ఎంత, రిడెంప్షన్ ఎంత అన్నది సైట్‌లో పెట్టాలి. పంపుతారు, నేను చూసినంతలో పంపనివాళ్లు లేరు. సమస్య ఏంటంటే ఆ మెయిల్ వెళ్లేది చాలాసార్లు అదే డొమైన్ మీదున్న అడ్రస్‌కి, గడువు అయ్యాక రిజిస్ట్రార్ నేమ్‌సర్వర్లు (ఆ పేరు మీది సైటూ మెయిలూ ఎక్కడున్నాయో చెప్పేవి) మార్చగానే ఆ మెయిలే ఆగిపోతుంది, ఇంక మూడో నోటీసు ఎవరు చదవాలి. న్యూజెర్సీలో ఒక తెలుగు సంఘం వాళ్లది ఇంకో రకం, అక్కడ కమిటీ మారినప్పుడల్లా సెక్రటరీ మారతాడు, అకౌంట్ మాత్రం నాలుగు కమిటీల వెనకటి ఆయన సొంత మెయిల్ మీద ఉంది, ఆయనకీ ఇప్పటి కమిటీకీ మాటల్లేవు. ఉగాది ప్రోగ్రాం టికెట్ల పేజీ ఆగిపోయింది. అక్కడ ఫీజు కంటే ఆయన్ని ఫోన్‌కి తేవడమే పెద్ద పని అయింది, మధ్యలో ఆయన బావగారితో రాయబారం నడిపి మొత్తానికి లాగిన్ సంపాదించారు. దీనికి తోడు "డొమైన్ నోటీస్, ఈరోజే చివరి తేదీ" అని దొంగ మెయిళ్లు ఎన్ని వస్తాయో తెలిసిందేగా, లోపల చదివితే అది ఏదో సెర్చ్ ఇంజన్ సర్వీసు అమ్మకం, వాటిని చూసీ చూసీ అసలు మెయిల్ వచ్చినా జనం డిలీట్ కొట్టేస్తున్నారు.

"ఆటో రెన్యూ పెట్టుకుంటే పోయేదిగా" అంటారు. విదేశీ రిజిస్ట్రార్ దగ్గర మన కార్డుతో ఆటో రెన్యూ అనేది 2021 అక్టోబర్ నుంచి గాల్లో దీపమే. రిజర్వ్ బ్యాంక్ ఈ-మాండేట్ (ఆటోమేటిక్‌గా డబ్బు కట్ అవ్వడానికి మనం ఇచ్చే అనుమతి) రూల్ అప్పుడే అమల్లోకి వచ్చింది, ముందుగా మనం ఓటీపీతో మాండేట్ పెట్టాలి, డబ్బు కట్ అయ్యే 24 గంటల ముందు బ్యాంకు మెసేజ్ పంపాలి, అప్పట్లో 5,000 దాటితే ప్రతిసారీ ఓటీపీ, 2022లో దాన్ని 15,000 చేశారు. ఆ మాండేట్ ఏర్పాటు లేని కంపెనీ చార్జ్ చేయబోతే బ్యాంకు రిజెక్ట్ చేస్తుంది, అంతే. 2022 అక్టోబర్ నుంచి కార్డు నంబర్లు కూడా వ్యాపారులు దాచుకోకూడదు, నంబర్ బదులు ఇచ్చే టోకెన్ అనే కోడ్ మాత్రమే. రూల్ మంచిదే, తెలీకుండా డబ్బులు పోకుండా కాపాడింది, కాదనను. కానీ ఆ రెండేళ్లలో నా దగ్గరకి వచ్చిన రికవరీ కేసుల్లో చాలావాటిలో "ఆటో రెన్యూ ఆన్‌లోనే ఉంది సార్" అనే మాట విన్నా. ఆన్‌లోనే ఉంది, డబ్బే కట్ అవ్వలేదు. ఇప్పుడు నేను వాలెట్‌లో ముందే డబ్బు వేసే పద్ధతి ఉన్న రిజిస్ట్రార్లనే వాడుతున్నా, లేకపోతే యూపీఐ తీసుకునే దేశీ వాళ్లని.

పెద్దవాళ్లకీ ఇది తప్పలేదు లెండి. 1999 క్రిస్మస్ టైంలో మైక్రోసాఫ్ట్ పాస్‌పోర్ట్ డాట్ కామ్ రెన్యూ అవ్వక హాట్‌మెయిల్‌లోకి జనం లాగిన్ అవ్వలేకపోతే ఒక లైనక్స్ ప్రోగ్రామర్ తన కార్డుతో 35 డాలర్లు కట్టి నిలబెట్టాడు. అప్పటి రేటు అది! 2016లో అమెరికాలో బధిరులకి వీడియో రిలే కాల్స్ నడిపే సోరెన్సన్ కంపెనీ డొమైన్ గడువు దాటి ఆ కాల్స్ ఆగిపోయాయి, అందులో ఎమర్జెన్సీ 911 కాల్స్ కూడా, చివరికి అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీతో దాదాపు 30 లక్షల డాలర్ల సెటిల్‌మెంట్ చేసుకోవాల్సి వచ్చింది.

నాకు ఒళ్లు మండే విషయం రిడెంప్షన్ ఫీజు కూడా కాదు, వేలం. కొన్ని పెద్ద రిజిస్ట్రార్లు గడువు అయిన నెల తిరక్కుండానే పేరుని తమ వేలంలో పెట్టేస్తాయి, అంటే అది రిడెంప్షన్‌కీ పోదు, డిలీటూ అవ్వదు, పాడుకున్నవాడికి నేరుగా బదిలీ అయిపోతుంది. మీరు "ఎలాగూ 75, 80 రోజులు ఉన్నాయిగా" అని లెక్కేసుకుని కూర్చుంటే మీ 80 రోజులు 40 కూడా కావు. ఇదంతా మనం టిక్ పెట్టి ఒప్పుకున్న అగ్రిమెంట్‌లో ఉంటుంది, చట్టప్రకారం తప్పు పట్టలేం, కానీ పాతికేళ్ల పాత పేరు, దాని మీద లింకులూ గట్రా ఉంటే రిజిస్ట్రార్‌కి రెన్యువల్ కంటే వేలమే లాభం, మరి నాకు గుర్తు చేయడానికి వాడికి అంత తొందర ఎందుకుంటుంది? ఇదే పాయింట్ మీద నేను ఒక పెద్ద అమెరికన్ కంపెనీ నుంచి అన్నీ బయటికి మార్చేశా. మార్చేటప్పుడు ఒక చిక్కు గుర్తుపెట్టుకోండి, గడువు దాటాక రెన్యూ చేసి ఆ 45 రోజుల లోపలే ఇంకో రిజిస్ట్రార్‌కి ట్రాన్స్‌ఫర్ చేస్తే ఆ కట్టిన ఏడాది మాయమైపోతుంది, కొత్తవాడి దగ్గర కట్టిన ఏడాదే మిగులుతుంది. కొంచెం ఆగి మార్చండి.

డిలీట్ అయ్యాక మామూలుగా కొనేద్దాం అనుకునేవాళ్లకి, మర్చిపోండి. డాట్ కామ్ పేర్లు బయటికి పడేది మన టైం ప్రకారం రాత్రి పదకొండున్నర, పన్నెండు దాటాక, ఆ క్షణానికి డ్రాప్ క్యాచింగ్ (డిలీట్ అయిన పేర్లని పట్టుకునే) కంపెనీల మెషీన్లు కాచుకుని ఉంటాయి. మనం ఫోన్ పట్టుకుని రిఫ్రెష్ కొట్టేలోపు అయిపోతుంది. పేరు ఖాళీ అవ్వగానే మా కోసం పట్టండి అని వాళ్లకి ముందే చెప్పి బ్యాక్ ఆర్డర్ పెట్టొచ్చు, పేరు వాళ్లకి దొరికితేనే డబ్బు తీసుకునేవాళ్లు ఉన్నారు, పోటీ లేని పేరైతే రిడెంప్షన్ కంటే తక్కువలోనే వస్తుంది, ఇంకొకడు కూడా అడిగితే మళ్లీ పాట. ట్రేడ్‌మార్క్ ఉంటే యూడీఆర్‌పీ (డొమైన్ గొడవలు తీర్చే పద్ధతి) కింద వైపోలో (ప్రపంచ మేధో సంపత్తి సంస్థ) కేసు వేయొచ్చు, ఫీజే 1,500 డాలర్లు, లాయర్ విడిగా.

డాట్ ఇన్ విషయానికొస్తే దాన్ని చూసేది నిక్సీ, అంటే దానికి రిజిస్ట్రీ. దశలు ఇంచుమించు అలాగే ఉంటాయి, రిడెంప్షన్ ఉంటుంది, నేను కట్టినవాటిలో డాట్ కామ్ కంటే కాస్త తక్కువే పడింది గానీ రిజిస్ట్రార్‌ని బట్టి ఇదీ మారుతుంది. మొదటి ఏడాది కాఫీ డబ్బులకి ఇచ్చే రకరకాల కొత్త ఎక్స్‌టెన్షన్లు (డాట్ తర్వాత వచ్చే ముక్కలు) మాత్రం జాగ్రత్త, వాటి రెన్యువలే వేలల్లో ఉంటుంది, రిస్టోర్ అడిగితే ఆ నంబర్ చూసి కొత్త పేరు వెతుక్కోవడం నయం అనిపిస్తుంది.

కొనేముందు నేను చూసేది మొదటి ఏడాది ఆఫర్ కాదు, ఆ కంపెనీ పేరు పక్కన రిడెంప్షన్ ఫీజు అని కొట్టి వచ్చే పేజీ. అది రెండు క్లిక్కుల్లో దొరికి, గ్రేస్ ఎన్ని రోజులో, వేలం ఎప్పుడో సూటిగా రాసి ఉంటే వాళ్ల దగ్గర కొంటా. చాట్‌లో అడిగితే చెప్తాం అంటే వదిలేస్తా.

బేరం ఆడొచ్చా అంటే, ఆడొచ్చు. గ్రేస్‌లో లేట్ ఫీజు రెండు మూడుసార్లు చాట్‌లోనే తీసేశారు, పాత కస్టమర్ అని చెప్పుకోవాలి. రిడెంప్షన్‌లో ఒక దేశీ కంపెనీ ఒకసారి సగానికి దిగింది, అదీ మిగతా డొమైన్లన్నీ మార్చేస్తా అన్నాక. అమెరికన్ కంపెనీల్లో ఒక్కరూ డాలర్ తగ్గలేదు, ఒకచోట మాత్రం తగ్గించం గానీ ఏడాది ప్రైవసీ (మన పేరూ ఫోనూ బయటివాళ్లకి కనబడకుండా దాచడం) ఫ్రీ అన్నాడు, ఆ ప్రైవసీ వాళ్ల దగ్గర ఎప్పట్నుంచో అందరికీ ఫ్రీయే.