బాలానగర్ లాడ్జి, మాదాపూర్ హాస్టల్, లాడ్ బజార్ గాజులు: మూడు రోజుల హైదరాబాద్

కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చెప్తాను. కోర్సు అయిపోయిన పిల్లలు ఎక్కడ చేరారో ఏటా ఒక రిజిస్టర్‌లో రాయాలి. అందులో ‘పరిశ్రమ’ అని ఒక గడి ఉంటుంది. ఇన్నాళ్లూ వాళ్లు ఫోన్‌లో ఏం చెప్తే అదే రాసేవాణ్ణి. ఈసారి సెలవులు దొరికాయి కదా అని, వాళ్లు పనిచేసే చోట్లే తిరిగొద్దామని బయల్దేరాను. హైదరాబాద్‌కి చార్మినార్ చూడ్డానికి వచ్చేవాళ్లే గానీ బాలానగర్ చూడ్డానికి వచ్చినవాళ్లు నాకింతవరకు తగల్లేదు.

రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట ఇంకా రాకముందే తుర్కపల్లిలో డ్రైవర్‌ని బతిమాలి దిగాను. 1999లో మొదలైన జీనోమ్ వ్యాలీ ఇక్కడే. టీకాల కంపెనీలు, ల్యాబులు. బయటివాళ్లకి కనిపించేది మాత్రం పొడుగాటి గోడలు, గేట్లు, షిఫ్టు బస్సులు. మా పిల్లాడొకడు యుటిలిటీ సెక్షన్‌లో బాయిలర్, చిల్లర్ (నీళ్లు చల్లబరిచే మిషన్) చూసుకుంటాడు. గేటు దగ్గర టీ కొట్లో పావుగంట మాట్లాడి మళ్లీ బస్సెక్కాను. పనిలేకుండా ఇక్కడ దిగకండి, నీడ కూడా దొరకదు.

సికింద్రాబాద్ జేబీఎస్ బస్టాండు నుంచి బోయిన్‌పల్లి మీదుగా బాలానగర్. నా యాత్రలో అసలు చోటు ఇదే. ఐడీపీఎల్ మందుల కంపెనీ పని ఎప్పుడో ఆగిపోయినా చౌరస్తాకి ఆ పేరు పోలేదు. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన కల్లం అంజిరెడ్డి కూడా ఒకప్పుడు అక్కడ పనిచేసినవాడే. ఇవాళ హైదరాబాద్‌ని మందుల ఊరు అంటున్నారంటే ఆ విత్తనం చాలావరకు ఇక్కడే పడింది. పక్కనే విమానాల కంపెనీ హెచ్‌ఏఎల్, 1968లో పెట్టిన సీఐటీడీ, అంటే టూల్ డిజైన్ నేర్పే సంస్థ. 1970లో మొదలైన ఎంటార్ కంపెనీ ఇస్రో రాకెట్లకి వికాస్ ఇంజన్లు చేసి ఇస్తుంది. పెద్ద కంపెనీల చుట్టూ చిన్న షెడ్లు లేచాయి. సందుల్లోకి పోతే రేకుల కప్పు కింద ఒక లేత్, కంప్యూటర్‌తో నడిచే రెండు సీఎన్‌సీ మిషన్లు, గుమ్మంలో ఇనుప రజను కుప్ప, కూలెంట్ వాసన. నాకైతే ఆ వాసన మల్లెపూల కన్నా ఎక్కువ.

నా పాత విద్యార్థి ఉన్న షెడ్‌లో ఎనిమిది మందే. జాబ్ వర్క్ అంతా. డ్రాయింగు, మెటీరియలు ఆర్డరిచ్చిన పార్టీ పంపిస్తుంది, వీళ్లు పీసు చేసి ఇస్తారు. ఆ రోజు చేస్తున్న బుష్‌లో కొలత తేడా పది మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వందో వంతు, దాటితే పీసు రిజెక్టే. పిల్లాడు మైక్రోమీటర్ నా చేతిలో పెట్టి, “మీరే చూడుండ్రి సార్” అన్నాడు. నేను క్లాసులో రెండేళ్లు చెప్పినా రాని ఓపిక వాడికి ఇక్కడ ఆర్నెల్లలో వచ్చింది. ఓనరు బాధ వేరు: మిషన్ కొనడానికి బ్యాంకు అప్పు దొరుకుతుందట, మిషన్ మీద నిలబడే మనిషే దొరకడట. ఎనిమిది మందిలో ఐదుగురు ఒడిశా, బిహార్ వాళ్లు. “మీ పిల్లలు ఏసీ రూం అడుగుతరు సార్” అన్నాడు నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. ఓవర్‌టైమ్ ఎంతిస్తావని అడిగితే మాట మార్చాడు.

ఆ రాత్రి దిగిన లాడ్జి పేరు చెప్పను. ఫోన్‌లో తొమ్మిది వందలన్నారు, పొద్దున వేడినీళ్లకి, టవల్‌కి, ‘లేట్ చెక్ అవుట్’కి అంటూ పన్నెండు వందల యాభై లాగారు. నేను ఖాళీ చేసింది ఎనిమిదిన్నరకి! బిల్లు రాసివ్వమంటే పుస్తకం అయిపోయిందన్నారు. కుటుంబంతో వెళ్తే మాత్రం కూకట్‌పల్లి వైపు చూసుకోండి.

రెండో రోజు బాలానగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి దుర్గం చెరువు దగ్గర దిగాను. మెట్రోకి వంక పెట్టలేను. దిగాక ఆటోవాళ్లతోనే గొడవ. కిలోమీటరున్నర దూరానికి నూట ఇరవై అడిగాడొకాయన, నడిచాను. 1998లో వాజ్‌పేయి ప్రారంభించిన సైబర్ టవర్స్ ఇప్పుడు చుట్టూ లేచిన అద్దాల మేడల మధ్య తాతలా కనిపించింది.

రాత్రికి మా ఎలక్ట్రీషియన్ కుర్రాడి పీజీ హాస్టల్‌లో గెస్ట్‌గా ఐదు వందలు కట్టాను. రూంలో నలుగురు. సాంబారు పలచన, పెరుగు బాగుంది, బాత్రూం శుభ్రం. లాడ్జి కన్నా నయం. ఒకటే ఇబ్బంది, రాత్రి రెండింటికి షిఫ్టు నుంచి వచ్చేవాళ్లు లైటు వేస్తారు.

“ఐటీఐ చదివి ఐటీలనే ఉన్న సార్” అని మా కుర్రాడు జోకు వేశాడు. పదిహేను అంతస్తుల సాఫ్ట్‌వేర్ బిల్డింగ్‌కి రెండో బేస్‌మెంట్‌లో జనరేటర్లు, యూపీఎస్, ఏసీ ప్లాంటు వాడి చేతిలో ఉంటాయి. మెడలో వేలాడే కార్డు మీద పేరు మాత్రం సాఫ్ట్‌వేర్ కంపెనీది కాదు, మెయింటెనెన్స్ కాంట్రాక్టరుది. అక్కడే నా రిజిస్టర్ గుర్తొచ్చింది. మన దేశంలో పరిశ్రమల లెక్కకి ఒక వర్గీకరణ ఉంది. మనిషి ఏ పని చేస్తాడన్నది దానికి పట్టదు, అతన్ని పెట్టుకున్న సంస్థ ఏం చేస్తుందన్నదే చూస్తుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీ 62వ నంబరు విభాగంలో పడుతుంది, బిల్డింగులు చూసే కాంట్రాక్టరు 81లో, గేటు దగ్గర సెక్యూరిటీ 80లో. అంటే మావాడు ఐటీ బిల్డింగ్‌లో ఉన్నా ఐటీ లెక్కలో లేడు. తెలంగాణలో ఐటీ ఉద్యోగులు 2014లో 3.23 లక్షలు, 2022–23కి 9.05 లక్షలు అని ప్రభుత్వం చెప్పింది. అది చిన్న సంగతి కాదు, కళ్లతో చూశాను కూడా. కానీ పొద్దున ఏడింటికి ఆ గేట్లలోంచి మొదట లోపలికి పోయేది హౌస్‌కీపింగ్ అమ్మలు, వాళ్లూ మావాడి లెక్కే. తమాషా ఏంటంటే, ఫ్యాక్టరీవాళ్లు తమ ఫిట్టర్‌ని తీసేసి అదే ఫిట్టర్‌ని కాంట్రాక్టరు ద్వారా తెచ్చుకుంటే, అదే మిషన్, అదే స్పానర్, కాగితం మీద మాత్రం తయారీ రంగంలో ఒక ఉద్యోగం తగ్గి సేవల రంగంలో ఒకటి పెరుగుతుంది.

మూడో రోజు పాతబస్తీ. ఎంజీబీఎస్‌లో మెట్రో దిగి లాడ్ బజార్‌కి ఆటో. పదకొండుకి ముందు వెళ్తే షట్టర్లే కనిపిస్తాయి. మా ఆవిడకి లక్క గాజులు కొనాలి, నాకు చేసేది చూడాలి. బొగ్గుల కుంపటి సెగ మీద లక్కని మెత్తబరిచి, సాగదీసి, గుండ్రంగా తిప్పి, వేడి తగ్గకముందే రాళ్లు పొదుగుతారు. ఆ చేతుల వేగం మా సీఎన్‌సీకి కూడా రాదు. 2024లో వీటికి జీఐ, అంటే ఈ ఊరి ప్రత్యేక సరుకు అనే గుర్తింపు వచ్చింది. రాళ్లు అతికే పని చాలావరకు ఇళ్లల్లో ఆడవాళ్లే చేస్తారని కొట్టతను చెప్పాడు, డజన్ల లెక్కన కూలి అట. వాళ్ల మెడలో ఏ కార్డూ ఉండదు. గాజులకి ఆరు వందలు చెప్పాడు, మూడు వందల యాభైకి ఇచ్చాడు. ఇంకా తగ్గేదేమో, ఆ కుంపటి చూశాక బేరం ఆడబుద్ధి కాలేదు.

ఎంజీబీఎస్ నుంచి జేబీఎస్‌కి గ్రీన్ లైన్ మెట్రో నేరుగా ఉంది, బస్సులో ట్రాఫిక్ టెన్షన్ పెట్టుకోకండి. కరీంనగర్ బస్సు కదిలాక రిజిస్టర్ తీశాను. తుర్కపల్లివాడికి ‘మందులు’, బాలానగర్‌వాడికి ‘ఇంజనీరింగ్’ అని రాశాను. మాదాపూర్‌వాడి గడి దగ్గర ఆగి, వాడికే ఫోన్ చేశాను.

“వచ్చే నెల కాంట్రాక్టరు మారుతడట సార్, కొత్త కార్డు ఇస్తరు. అప్పుడు చెప్త” అన్నాడు.

పెన్సిల్‌తో రాశాను.