వీడియో లారింగోస్కోప్ కొనేవాళ్లకు జాగ్రత్త: డెమో చూసి డబ్బు కట్టకండి

ఆపరేషన్ థియేటర్‌కి వీడియో లారింగోస్కోప్ (శ్వాసనాళంలోకి ఊపిరి ట్యూబ్ వేసేటప్పుడు గొంతు లోపలి భాగాన్ని స్క్రీన్ మీద చూపే, కెమెరా ఉన్న బ్లేడు పరికరం) కొనబోతున్న మత్తు డాక్టర్లు ఇది చదివాకే ఆర్డర్ పెట్టండి. పెద్దగా పేరులేని కంపెనీ యూనిట్ ఒకటి మాకు అంటగట్టారు. డెమోలో బొమ్మ మీద బ్రహ్మాండంగా పనిచేసింది. బొమ్మ గొంతులో వేడీ తడీ ఉండవు కదా, లెన్స్ మసకబారేదెక్కడ!

అసలు సంగతి కష్టమైన కేసులో బయటపడింది. లావుపాటి మనిషి, పొట్టి మెడ, నోరు సరిగా తెరుచుకోదు. 3 నిమిషాలు ఆక్సిజన్ పట్టించి, మత్తూ, కండరాలు సడలే మందూ ఇచ్చాం. బ్లేడు లోపలికి వెళ్లగానే స్క్రీన్ మీద పాలు పోసినట్టు తెలుపు. తీసి తుడిచి మళ్లీ పెడితే స్వరతంతులు కనిపించాయి. ట్యూబ్ వాటి ముందుకు చేరేలోగా స్క్రీన్ ఆరిపోయింది. బ్యాటరీ గుర్తేమో అప్పటిదాకా సగం పైనే చూపించింది.

పల్స్ ఆక్సిమీటర్ బీప్ స్వరం దిగిపోతోంది. సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 94, 88, 81. వేలి దగ్గర కనిపించే అంకె ఒంట్లో జరిగేదానికన్నా కాస్త ఆలస్యంగా వస్తుంది, 90 కిందికి దిగాక మరీ వేగంగా పడిపోతుంది. ఆ టెన్షన్ తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ట్యూబ్ సంగతి పక్కనపెట్టి ఇద్దరం కలిసి మాస్క్‌తో ఊపిరి అందించాం. సాచురేషన్ కోలుకున్నాక మామూలు లారింగోస్కోప్, బూజీతో (ట్యూబ్‌కి దారి చూపే సన్నని, వంగే కడ్డీతో) ట్యూబ్ వేశాం. క్యాప్నోగ్రాఫ్ (వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్‌ని చూపి, ట్యూబ్ సరైన చోట పడిందని తెలిపే మానిటర్) మీద అలలు వచ్చేదాకా ఎవరూ నోరెత్తలేదు. రోగికి ఏమీ కాలేదు.

అమ్మినాయన్ని అడిగితే "ముందే కాసేపు ఆన్ చేసి ఉంచాలి సార్, లెన్స్ వేడెక్కాలి" అని సెలవిచ్చాడు. ఆ ముక్క మాన్యువల్‌లో లేదు, డెమో రోజు చెప్పనూ లేదు. బ్యాటరీ వారంటీలోకి రాదట.

మీరు కొనేముందు ఫుల్ ఛార్జ్ చేసి, ఆరిపోయేదాకా నడిపి చూడండి. ఛార్జింగ్‌లో ఉండగా వాడొచ్చో లేదో అడగండి. బ్లేడును వేడి నీళ్ల ఆవిరి దగ్గర పెట్టి స్క్రీన్ గమనించండి. బాగా వంపు తిరిగిన బ్లేడైతే ఆ వంపుకు సరిపడే గట్టి స్టైలెట్ (ట్యూబ్ లోపల పెట్టి దాన్ని వంపుగా నిలిపే కడ్డీ) ఉండాల్సిందే. లేకపోతే స్వరతంతులు ఎదురుగా కనిపిస్తూనే ఉంటాయి, ట్యూబ్ మాత్రం లోపలికి తిరగదు. మా పెట్టెలో అదీ లేదు. కొత్త పరికరం వచ్చింది కదా అని బూజీనీ, స్వరపేటిక మీద కూర్చుని ఊపిరి అందించే లారింజియల్ మాస్క్‌నూ ట్రాలీలోంచి తీసేయకండి.

రీప్లేస్‌మెంట్ షరతులు బిల్లు మీదే రాయించుకోండి. మాకు నోటిమాటే ఇచ్చారు. రీఫండ్ అడిగితే ఇప్పటికీ "పైవాళ్లతో మాట్లాడుతున్నాం" అనే జవాబే.