కెనాన్ 55–250 ఎస్‌టీఎం లెన్సు: మన గ్రౌండ్లలో పిల్లల ఆటలకు ఎంతవరకు పనికొస్తుంది

స్కూలు ఆటల పోటీలయ్యాక వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చే ఫోటోలు చాలావరకు ఒకేలా ఉంటాయి. గ్రౌండంతా కనిపిస్తుంది, షామియానా కనిపిస్తుంది, ఆడే పిల్ల మాత్రం చీమంత. ఫోనులో జూమ్ లాగి తీస్తే ముఖం మైనం కరిగినట్టు అలుక్కుపోతుంది. ఈ బాధ తీరడానికి మరీ పెద్ద ఖర్చు అక్కర్లేదు. శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియంలో అయినా, విజయనగరం విజ్జీ స్టేడియంలో అయినా, ఊరి జెడ్పీ హైస్కూలు గ్రౌండులో అయినా, కెనాన్ ఈఎఫ్-ఎస్ 55–250 ఎస్‌టీఎం లెన్సు పగటి వెలుతురు ఉన్నంతసేపూ దిగులు లేకుండా పని చేస్తుంది. వెలుతురు పోయాక చేయదు. కొనేముందు ఈ రెండు మాటలూ తెలుసుకోవాలి.

లెన్సు 2013లో వచ్చింది. పేరులోని 55–250 దాని జూమ్ పరిధి (మిల్లీమీటర్లలో), ఎస్‌టీఎం దాని ఫోకస్ మోటారు రకం. బరువు 375 గ్రాములే, మెడలో వేసుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిరగొచ్చు. ముందు భాగంలో 58 మి.మీ. ఫిల్టరు పడుతుంది. కెనాన్ 1500డీ, 3000డీ, 200డీ లాంటి చిన్న సెన్సరు కెమెరాలకే ఇది బిగుస్తుంది, ఫుల్‌ఫ్రేము (పెద్ద సెన్సరు) డీఎస్ఎల్ఆర్‌కు బిగవదు. ఆర్10, ఆర్50 లాంటి మిర్రర్‌లెస్ బాడీలకు అడాప్టరు పెట్టుకోవాలి. చిన్న సెన్సరు మీద 1.6 రెట్ల లెక్క ఉంటుంది కాబట్టి ఫుల్‌ఫ్రేము మీద 88–400 లెన్సు చూపించినంత దూరం చూపిస్తుంది.

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. 55–250 అనే పేరుతో లెన్సు ఒక్కటే లేదు. 1500డీతో రెండు లెన్సుల కిట్టుగా అమ్మినవాటిలో వచ్చేది తరచుగా పాత ఐఎస్ టూ రకం (ఐఎస్ అంటే చేతి వణుకును ఆపే ఏర్పాటు). దాని ఫోకస్ మోటారు గరగరలాడుతూ నెమ్మదిగా తిరుగుతుంది. ఫోకస్ చేసేటప్పుడు ముందు అద్దం కూడా తిరుగుతుంది కాబట్టి మెరుపును తగ్గించే పోలరైజరు ఫిల్టరు పెట్టినా లాభం లేదు. ఎస్‌టీఎంలో ముందు అద్దం తిరగదు, మోటారు చప్పుడు దాదాపు వినిపించదు, పరుగెత్తి వచ్చే పిల్లాడిని పట్టుకోవడంలో తేడా మొదటి పది ఫ్రేముల్లోనే తెలిసిపోతుంది. కొట్టులో డబ్బా మీద అంకెలు చూసి ఊరుకోకండి, లెన్సు చేతిలోకి తీసుకుని దాని మీద ఎస్‌టీఎం అన్న మూడక్షరాలున్నాయో లేదో చూడండి. ఇప్పటికే పాతది చేతిలో ఉంటే పారేయనక్కర్లేదు. దాంతో ముందే ఫోకస్ పెట్టి కాచుకునే పద్ధతిలో తీయాలి, అది కింద చెబుతాను.

జూమ్ పూర్తిగా లాగి 250 దగ్గర పెడితే ఎంత దూరం నుంచి ఎంత పడుతుందో లెక్క తెలిస్తే ఎక్కడ నిలబడాలో తెలుస్తుంది. 20 మీటర్ల దూరంలో కెమెరాను నిలువుగా పట్టుకుంటే ఫ్రేము ఎత్తు సుమారు 1.8 మీటర్లు, వెడల్పు 1.2 మీటర్లు. ఆరేడు తరగతుల పిల్లాడు తలమీద కాస్త ఖాళీతో నిండుగా పడతాడు. 30 మీటర్లకు వెళ్తే ఎత్తు 2.7 మీటర్లవుతుంది, లాంగ్‌జంప్‌లో గాల్లోకి లేచిన పిల్లకు అది సరిపోతుంది. 40 దాటితే మళ్ళీ చీమల కథే. క్రికెట్‌లో బౌండరీ అవతలి నుంచి బ్యాటరు ముఖం కావాలంటే ఈ లెన్సు చాలదు. అండర్-14 పిల్లలకు బౌండరీ దగ్గరగా పెడతారు కాబట్టి పాయింట్ వైపు నుంచి కొంత నయం.

దీనికి అన్నిటికన్నా బాగా నప్పే ఆట కబడ్డీ. అమ్మాయిల కోర్టు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. కూతకొచ్చే పిల్ల ముఖం కావాలంటే పట్టేవాళ్ళ వెనక, చివరి గీతకు నాలుగు మీటర్లు అవతల, ఓ మూలగా కూర్చోవాలి. నడిమి గీత అక్కడికి సుమారు పది మీటర్లుంటుంది, జూమ్ 120 దగ్గర పెడితే పిల్ల నిలువునా పడుతుంది. అసలైన ఫోటో మాత్రం తిరుగు దారిలో దొరుకుతుంది. నలుగురు కాళ్ళు పట్టుకు లాగుతుంటే పిల్ల బోర్లా పడి, చెయ్యి చాచి, వేళ్ళ కొసలతో సున్నం గీతను అందుకోవాలని చూస్తుంది. దానికోసం సరిగ్గా నడిమి గీత ఎదురుగా కూర్చుంటే పక్క ముఖమే వస్తుంది. కూతకొచ్చిన జట్టు వైపుకు రెండు మీటర్లు జరిగి, పక్క గీతకు మూడు నాలుగు మీటర్లు ఎడంగా కూర్చుంటే ఆ పిల్ల కళ్ళు, బిగించిన పళ్ళు, దుమ్ము పట్టిన వేళ్ళు మీ వైపే వస్తాయి. జూమ్ 70 నుంచి 100 మధ్య ఉంచండి. ఇంకా ముందుకు లాగితే చెయ్యి తెగిపోతుంది, ఆ చెయ్యి లేకపోతే ఆ ఫోటో లేదు. సగం ఆటయ్యాక జట్లు వైపులు మార్చుకుంటాయి, మీరూ మారాలి.

షట్టర్ స్పీడు, అంటే షట్టరు తెరుచుకుని ఉండే సమయం, దగ్గరే ఎక్కువ ఫోటోలు పాడవుతాయి. సెకనుకు అయిదు మీటర్లు పరుగెత్తే పిల్ల 1/250 సెకనులో రెండు సెంటీమీటర్లు జరుగుతుంది. 20 మీటర్ల నుంచి 250 దగ్గర అడ్డంగా తీసిన 24 మెగాపిక్సెళ్ళ ఫోటోలో అది అరవై పిక్సెళ్ళ పైచిలుకు అలుకుడు, అంటే కనుబొమ్మ కూడా తెలియదు. 1/1000లో ఆ జరుగుడు అర సెంటీమీటరు. అందుకే పరుగు, కబడ్డీ, ఖోఖోలకు 1/1000 కన్నా దిగకండి. బ్యాటు బంతికి తగిలే క్షణానికి, షటిల్ స్మాష్‌కు 1/2000 కావాలి. లెన్సులో ఐఎస్ ఉంది కదా, షేక్ రాదు కదా అనుకోవడం పొరపాటు. ఐఎస్ మన చేతి వణుకునే ఆపుతుంది, పిల్ల కదలికను ఆపలేదు. అయినా ఆన్‌లోనే ఉంచండి, వ్యూఫైండరులో బొమ్మ నిలకడగా ఉండి గురి కుదురుతుంది.

1500డీ మీద అమరిక ఇది. డయల్‌ను టీవీ (షట్టర్ స్పీడు మనమే పెట్టే) మోడులో పెట్టి 1/1000 ఎంచుకోండి. ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సరు స్పందించే మోతాదు) ఆటోలో ఉంచి గరిష్ఠం 6400 చేయండి. ఫోకస్‌కు కదిలేవాళ్ళను వెంటాడే ఏఐ సర్వో, తొమ్మిది పాయింట్లలో నడిమిది ఒక్కటే. ఆ బాడీలో నిలువు, అడ్డం గీతలు రెంటినీ పట్టే క్రాస్ రకం పాయింటు అదొక్కటే, మిగిలినవి దుమ్ములో, ఎదురెండలో తడబడతాయి. పిల్ల ఛాతీ మీద ఆ పాయింటు ఉంచి, చుట్టూ కాస్త ఖాళీ వదిలి తీసి తరవాత కత్తిరించుకోవడం మేలు. ఏవీ (లెన్సు రంధ్రం సైజు మాత్రమే మనం పెట్టే) మోడులో తీసేవాళ్ళకు మబ్బు పట్టగానే కెమెరా తనంతట తాను షట్టరును కిందికి దించేస్తుంది, ఇంటికెళ్ళి కంప్యూటరులో చూసుకున్నాక గాని ఆ సంగతి తెలియదు.

నడినెత్తిన ఎండ ఉంటే వెలుతురుకు కొదవే లేదు: ఎఫ్/5.6 (250 దగ్గర ఈ లెన్సు రంధ్రం తెరుచుకునే గరిష్ఠం), ఐఎస్ఓ 400 దగ్గర షట్టరు 1/3200 దాకా వెళ్తుంది. కానీ ఆ ఎండలో కళ్ళ కింద, ముక్కు కింద నల్లటి నీడలు పడతాయి, టోపీ పెట్టుకున్న పిల్లాడికి ముఖమే ఉండదు. పొద్దున్న ఏడు నుంచి తొమ్మిదిన్నర, సాయంత్రం మూడున్నర తరవాత మంచి సమయం. సూర్యుణ్ణి పిల్లల వెనక ఉంచి, ఎక్స్‌పోజరును ఒక మెట్టు పెంచి తీస్తే కళ్ళు చికిలించరు, జుట్టు అంచున వెలుగు గీత పడుతుంది. మన ఎర్ర గ్రావెల్ నేల ఇక్కడ బాగా కలిసొస్తుంది, కింది నుంచి వెచ్చటి వెలుతురును ముఖం మీదికి కొడుతుంది. తెల్ల యూనిఫాం రోజున మాత్రం పెంచిన ఎక్స్‌పోజరుతో చొక్కాల్లో మడతలు మాయమైపోతాయి, ఆ రోజు మూడోవంతు మెట్టు చాలు. డిసెంబరు పోటీల్లో ఇంకో చిక్కుంది. మనవైపు అయిదున్నర లోపే పొద్దు గుంకుతుంది, ఫైనళ్ళు సరిగ్గా అప్పుడే పడతాయి. అయిదు దాటాక మాత్రం తప్పదు, 1/800కు దిగి, ఐఎస్ఓ 6400ను ఒప్పుకోండి. గ్రెయిన్ (సన్న చుక్కలు) ఉన్న ముఖాన్ని చూసి తల్లిదండ్రులు మురిసిపోతారు, అలుక్కుపోయిన ముఖాన్ని ఎవరూ దాచుకోరు.

1500డీ సెకనుకు మూడు ఫ్రేములే తీస్తుంది. ఒక ఫ్రేముకూ ఇంకో ఫ్రేముకూ మధ్య పరుగెత్తే పిల్ల మీటరున్నర దాటిపోతుంది, కాబట్టి బటన్ నొక్కిపట్టుకుని అదృష్టం మీద వదిలేస్తే అసలు క్షణం రెండు ఫ్రేముల మధ్య జారిపోతుంది. క్షణానికి కొంచెం ముందు ఒక్కసారి నొక్కడం అలవాటు చేసుకోవాలి. ఖోఖోలో ఇది చక్కగా కుదురుతుంది. తరిమే పిల్లాడు చివరి స్తంభం పట్టుకుని గాల్లోకి దూకి అవతలివాణ్ణి తాకుతాడు, అది ఎక్కడ జరుగుతుందో ముందే తెలుసు. స్తంభం మీద ఫోకస్ చేసి, లెన్సు మీది స్విచ్చును ఎంఎఫ్‌కు (చేతి ఫోకస్‌కు) మార్చి, 250 కాకుండా 150 దగ్గర ఆగి కాచుకోండి. పాత ఐఎస్ టూ లెన్సుతో కూడా ఈ ఫోటో వస్తుంది. 20 మీటర్ల దగ్గర 250, ఎఫ్/5.6లో పదును సుమారు 1.3 మీటర్ల లోతు ఉంటుంది, జూమ్ తగ్గిస్తే ఇంకా పెరుగుతుంది. అదే 10 మీటర్లకు వచ్చి 250 వాడితే ముప్పై అయిదు సెంటీమీటర్ల లోపే, అప్పుడు ముక్కు పదునుగా ఉండి మోచెయ్యి మసకవుతుంది.

ఈ లెన్సు అసలు సుఖం ఆట ఆగినప్పుడు తెలుస్తుంది. ఓడిన జట్టులో గోల్ ఆపలేకపోయిన పిల్లాడు మోకాళ్ళ మధ్య తల పెట్టుకుంటాడు. బూట్లు లేని పిల్ల అరికాలికి గుచ్చుకున్న రాయి తీసుకుంటుంది. డ్రిల్లు మాస్టారు గ్లూకోజు నీళ్ళు పోస్తుంటే నలుగురు ఒకే గ్లాసుకు చేతులు చాస్తారు. పదిహేను మీటర్ల అవతల కూర్చున్నవాణ్ణి రెండు నిమిషాల్లో పిల్లలు మరిచిపోతారు, చేతులు ఊపడం, రెండు వేళ్ళు చూపించడం మానేస్తారు. ఫ్లాష్ మూసే ఉంచండి, బీప్ శబ్దం మెనూలో తీసేయండి. నిలబడి తీయకండి. పెద్దవాళ్ళ ఎత్తు నుంచి తీస్తే పిల్లలు పొట్టిగా, వెనకాల నేలంతా ఎర్రగా వస్తుంది. ఒక మోకాలు నేలకు ఆనించి, లెన్సును పిల్లాడి నడుము ఎత్తులో ఉంచితే వెనక తాటిచెట్లు, ఆకాశం వస్తాయి, పిల్లాడు వీరుడిలా కనిపిస్తాడు.

ఫ్లెక్సీలు మన గ్రౌండ్లకు పెద్ద బెడద. పిల్ల తల వెనక ఏ నాయకుడి ముఖమో, వరసగా నిలబెట్టిన బైకులో పడతాయి. ఎఫ్/5.6 వాటిని పూర్తిగా మాయం చేయలేదు. పిల్ల మీకు పది మీటర్లలో, ఫ్లెక్సీ నలభై మీటర్లలో ఉండేలా వైపు ఎంచుకుని 250 వాడితే చిన్న అక్షరాలు చదవలేనంత మసకవుతాయి. అందుకే ఆట మొదలుకాకముందు ఒకసారి గ్రౌండు చుట్టూ నడిచి, ఖాళీగా ఉన్న వైపు ఏదో చూసుకోవాలి.

ఇండోరు హాల్లో దీన్ని నమ్ముకోకండి. షటిల్ కోర్టు దీపాల కింద 1/1000 అంటే ఐఎస్ఓ 6400 కూడా చాలదు, ఫోటో చీకటిగా వస్తుంది. అక్కడ చవకైన 50 మి.మీ. ఎఫ్/1.8 ఎస్‌టీఎం ఎంతో మేలు, అది ఎఫ్/5.6 కంటే దాదాపు పది రెట్లు వెలుతురు తీసుకుంటుంది. వెయిట్‌లిఫ్టరు కరణం మల్లీశ్వరి పుట్టింది మన శ్రీకాకుళం జిల్లాలోనే, విజయనగరం దగ్గర కొండవెలగాడ పిల్లలు ఇప్పటికీ బరువులెత్తుతూనే ఉన్నారు. వెయిట్‌లిఫ్టింగ్‌కు ఆ 50 లెన్సుతో ఎఫ్/2.2, 1/400 చాలు. బార్ భుజాల మీద ఆగినప్పుడు ఒకటి, తలపైకి లేచి మోచేతులు బిగిసినప్పుడు ఒకటి తీయండి. ట్యూబులైట్లు సెకనుకు వందసార్లు మినుకుతాయి కాబట్టి ఒక ఫ్రేము పసుపుగా, పక్కది ముదురుగా రావచ్చు. ఒకే భంగిమకు మూడు నాలుగు తీసి బాగున్నది ఉంచుకోండి.

లెన్సు తయారీ అంతా ప్లాస్టిక్, కెమెరాకు బిగిసే మౌంటు కూడా. దుమ్ము, వాన తట్టుకునే రబ్బరు సీలు లేదు. జూమ్ చేసినప్పుడు గొట్టం ముందుకు సాగుతుంది, దాంతోపాటు దుమ్మును లోపలికి పీల్చుకుంటుంది. గ్రౌండులో లెన్సు మార్చకండి, తప్పదనుకుంటే తువ్వాలు కింద పెట్టి మార్చండి. లెన్సు ముందు బిగించే ఈటీ-63 హుడ్ డబ్బాలో రాదు, విడిగా కొనాలి. ఎదురెండకే కాదు, ఎగిరొచ్చే బంతికి కూడా అదే కాపలా. సముద్రం దగ్గర కాబట్టి తేమకు బూజు త్వరగా పడుతుంది, గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచి, జెల్ రంగు మారగానే ఆరబెట్టండి. వాడినది కొనేటప్పుడు వెనక మూత తీసి ఫోను టార్చి వేసి అద్దం లోపల సాలెగూడు లాంటి పోగులున్నాయేమో చూడండి, ఉంటే బేరం ఆపేయండి. తరవాత కెమెరాకు బిగించి, 250 దగ్గర దూరంగా ఉన్న నంబరు ప్లేటును, వెంటనే రెండు మీటర్లలో ఉన్న మనిషి కంటిని ఫోకస్ చేయండి. వెంటవెంటనే పట్టుకోకపోతే మోటారు అలసిపోయినట్టే.

తీసిన ఫోటోలు పంచేముందు పీఈటీ మాస్టారినీ, పిల్లల ఇంటివాళ్ళనూ అడగండి. వద్దన్నవాళ్ళ పిల్లల ఫోటోలు తీసేయండి. పిల్లల పేరు, స్కూలు, ఊరు ఒకే పోస్టులో పెట్టకండి. బట్టలు జారిన, పడిపోయి ఏడుస్తున్న ఫ్రేములు ఎంత బాగా వచ్చినా ఆ ఇంటివాళ్ళకు తప్ప ఇంకెవరికీ పంపకండి.