రాఫెల్ అచ్చుచిత్రాల కోసం లండన్, ఆక్స్‌ఫర్డ్

ఐదు వందల ఏళ్ల నాటి ఇటలీ చిత్రకారుడు రాఫెల్ బొమ్మలు చూడాలనుకున్నవారు ముందు రోమ్‌కు వెళ్తారు. వాటికన్ గదుల్లోని కుడ్యచిత్రాలు చూసి తీరవలసినవే. కానీ రోమ్ గడప తొక్కని వేలాది చిత్రకారులకు రాఫెల్ పరిచయమైంది రాగిరేకు మీద చెక్కి కాగితంపై అచ్చువేసిన బొమ్మల ద్వారానే. ఆ కాగితాలను తీరిగ్గా, కళ్లకు ఆనించుకున్నంత దగ్గరగా, పైసా ఖర్చు లేకుండా చూడగలిగే చోట్లు లండన్, ఆక్స్‌ఫర్డ్‌లలో ఉన్నాయి. నేను ఈసారి వెళ్లింది కేవలం దానికోసమే.

బ్రిటిష్ మ్యూజియం నాలుగో అంతస్తులో, 90వ నంబరు గది దగ్గర అచ్చుచిత్రాలు, రేఖాచిత్రాల అధ్యయన గది ఉంది. పరిశోధకులకే పరిమితం అనుకుని చాలామంది అటు పోరు. నిజానికి ముందుగా సమయం అడిగి తీసుకుంటే సామాన్య సందర్శకులూ వెళ్లవచ్చు. మ్యూజియం వెబ్‌సైటులో ప్రతి బొమ్మకూ నంబరు ఉంటుంది. కావలసినవాటి నంబర్లు రాసి పంపాలి. అడిగినవన్నీ ఇవ్వకపోవచ్చు కాబట్టి జాబితాలో నాలుగు ఎక్కువే ఉండాలి. లోపల పెన్ను పనికిరాదు, పెన్సిల్ మాత్రమే. బొమ్మలు వచ్చే అట్టపెట్టెలను సొలాండర్ పెట్టెలంటారు. పద్దెనిమిదో శతాబ్దంలో ఇదే మ్యూజియంలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు డేనియల్ సొలాండర్ పేరు వాటికి మిగిలిపోయింది. సిబ్బంది ఓపికకు దండం పెట్టాలి. తొలిసారి వచ్చినవారికి కాగితాన్ని ఎలా పట్టుకోవాలో, అట్ట ఎలా తిప్పాలో విసుగు లేకుండా చూపిస్తారు.

అక్కడ నన్ను కట్టిపడేసింది మార్కాంటోనియో రైమోండి చెక్కిన ‘పసిపిల్లల వధ’. 1510 దాటాక తయారైన బొమ్మ ఇది. బైబిల్ కథలోని రాజు హేరోదు సైనికులు కత్తులు దూస్తున్నారు, తల్లులు బిడ్డలను పొదువుకుని పరుగెడుతున్నారు. వెనుక మాత్రం రోమ్ నగరపు ఫాబ్రీచియో వంతెన ఏమీ ఎరగనట్టు నిలిచి ఉంది. భూతద్దం పెట్టి ఒక సైనికుడి వీపు చూడండి. నీడలో గీతల మీద గీతలు అడ్డంగా పడి చిక్కటి వల అవుతాయి. వెలుగు వైపు జరిగేకొద్దీ పలచబడి, చిన్న చుక్కలై, తెల్ల కాగితంలో కలిసిపోతాయి. రాగి మీద ఉలి తప్పితే దిద్దుకోవడం ఎంత కష్టమో తెలిసినవారికి ఆ వీపు ఒక్కటి చాలు.

ఎడమ పక్క రాతిపై రెండు గుర్తులున్నాయి: చిత్రాన్ని ఊహించినవాడు ఉర్బినో ఊరి రాఫెల్ అని ఒకటి, చెక్కినవాడి పొడి అక్షరాలు మరొకటి. దీన్ని ‘నకలు’ అనడానికి నాకు మనసొప్పదు. రాఫెల్ ఈ దృశ్యాన్ని రంగుల్లో వేయనే లేదు, అచ్చు కోసమే గీశాడు. అందుకు వేసుకున్న రేఖాచిత్రం ఒకటి ఇదే మ్యూజియంలో ఉంది. గీతల వెంట సూదితో పొడిచిన బెజ్జాలు కనిపిస్తాయి. వాటిపై బొగ్గుపొడి అద్ది బొమ్మను మరో కాగితం మీదికి దింపేవారు. రాఫెల్ గీతలకు మార్కాంటోనియో చెక్కితే, అచ్చుల వ్యవహారం బవియేరా అనే సహాయకుడు చూసుకునేవాడు. 1527లో సైన్యాలు రోమ్‌ను దోచుకున్నప్పుడు మార్కాంటోనియో ఉన్నదంతా పోగొట్టుకున్నాడు.

ఇదంతా చూశాకే విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి వెళ్లమని నా గట్టి సలహా. అక్కడ ప్రవేశం ఉచితం, శుక్రవారం రాత్రి పది వరకు తెరిచి ఉంటుంది. వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్ గోడలకు వేలాడదీసే తివాచీల కోసం పోప్ పదో లియో కోరికపై 1515–16లో వేసిన నమూనా చిత్రాల్లో మిగిలిన ఏడూ ఒకే హాల్లో ఉన్నాయి. కాగితాలు అతికించి వేసిన ఒక్కొక్కటీ మూడు మీటర్లకు మించిన ఎత్తు. నేతగాళ్లు తివాచీని వెనుక వైపు నుంచి నేస్తారు కాబట్టి బొమ్మ కుడి ఎడమలు తారుమారవుతుంది. రాగిరేకు అచ్చులోనూ అంతే. ఉదయం అచ్చులు చూసి వచ్చిన కంటికి ఇది వెంటనే అందుతుంది. క్రీస్తు మహిమతో వల నిండా చేపలు పడిన కథను చూపే బొమ్మలో క్రీస్తు వస్త్రం ఇప్పుడు తెల్లగా ఉంది, నీటిలో దాని ప్రతిబింబం మాత్రం ఎర్రగా ఉంది. వస్త్రానికి వేసిన ఎరుపు కాలక్రమంలో వెలిసిపోయింది, ప్రతిబింబానికి వాడిన రంగు నిలిచింది. 2021లో హాలును బాగుచేసి దీపాలు మార్చాక ఇలాంటివి తేలిగ్గా కంటబడుతున్నాయి. ఈ చిత్రాలను నికొలా డొరీన్యీ రాగిరేకులపై చెక్కి 1719లో పూర్తిచేశాడు. మరుసటి ఏడాదే రాజు మొదటి జార్జ్ అతనికి సర్ బిరుదు ఇచ్చాడు.

బస విషయంలో ఇంత మంచి మాట చెప్పలేను. బ్లూమ్స్‌బరీలో పాత ఇంటిని మార్చి కట్టిన ఒక హోటల్లో దిగాను. మ్యూజియానికి నడక దూరం, నిజమే. కానీ లిఫ్టు లేదు, మెట్లు నిటారు, పెట్టె తెరిస్తే గదిలో నడవడానికి చోటు లేదు. అద్దె మాత్రం ఘనం. వేసవి సెలవుల్లో వెళ్లేవారు విశ్వవిద్యాలయ విద్యార్థుల వసతి గదుల కోసం ముందే ప్రయత్నించండి. బయటివారికి అద్దెకిస్తారు. భోజనానికి యూస్టన్ దగ్గరి డ్రమండ్ స్ట్రీట్‌కు నడిచి వెళ్తే దోసె, సాంబారు దొరుకుతాయి.

ఆక్స్‌ఫర్డ్‌కు పాడింగ్టన్ నుంచి రైల్లో సుమారు గంట. లండన్‌లోని విక్టోరియా ప్రాంతం నుంచి బస్సు చవక, కాని ఆలస్యం. ఆష్మోలియన్ మ్యూజియంలో రాఫెల్ రేఖాచిత్రాలు ప్రపంచంలోనే పెద్ద సంఖ్యలో ఉన్నాయి. ఇంగ్లిష్ చిత్రకారుడు సర్ థామస్ లారెన్స్ సేకరించినవాటిని ఆయన మరణానంతరం చందాలు పోగుచేసి కొన్నారు. ఇక్కడా ముందుగా సమయం తీసుకోవాలి, ఇక్కడా రుసుము లేదు. క్రీస్తు శిష్యుల ఎదుట వెలుగుతో మెరిసిన ఘట్టాన్ని చూపే ‘రూపాంతరం’ చిత్రం కోసం రాఫెల్ నల్ల సుద్దతో గీసిన ఇద్దరు అపొస్తలుల (క్రీస్తు ముఖ్య శిష్యుల) తలలు, చేతులు ఉన్న కాగితం ఎదుట పెడితే మాట రాదు. ముసలివాడి చేతి వేళ్లు, పడుచువాడి కనురెప్పలు అంత దగ్గరగా చూస్తున్నప్పుడు, గీతల కింద చుక్కల వరుస కనబడుతుంది. పైన చెప్పిన సూది బెజ్జాల పనే అది. 1520లో ముప్పై ఏడేళ్లకే పోయిన మనిషి చివరి రోజుల చేతిపని. రోజంతా ఆక్స్‌ఫర్డ్‌కు కేటాయించండి, కాలేజీలు చూడటం మరోసారికి వాయిదా వేసినా నష్టం లేదు.

విండ్సర్ కోటకు ఈ పనిమీద వెళ్లనక్కరలేదు. టికెట్ ఖరీదెక్కువ, మంగళ, బుధవారాల్లో మూత. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ 1853లో మొదలుపెట్టిన సేకరణ ఒకటుంది: రాఫెల్ ప్రతి రచనకూ దొరికిన అచ్చులు, ఫోటోలు అన్నీ ఒకచోట చేర్చే ప్రయత్నం. అలా ఐదు వేలకు పైగా పోగయ్యాయి. 1861లో ఆయన మరణించాక ఆయన గ్రంథపాలకుడు కార్ల్ రూలాండ్ ఆ సేకరణ పట్టికను పూర్తిచేసి 1876లో అచ్చువేశాడు. కోట టికెట్ కొన్నవారికి అవి కనబడవు, ఇంటర్నెట్‌లో మాత్రం చూడవచ్చు. బయలుదేరే ముందు ఇంట్లోనే కూర్చుని చూసి, నచ్చినవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయేమో వెతికి, ఆ నంబర్లు జాబితాలో చేర్చుకోండి.