ఎటిమాన్‌లైన్: ఇంగ్లిష్ మాటల పుట్టుక చెప్పే మంచి సైటు

కోవూరులో హైస్కూలు పిల్లలకు ఇంగ్లిష్ ట్యూషన్ చెప్తుంటాను, కాబట్టి ఈ రివ్యూ ముఖ్యంగా టీచర్లకూ, పిల్లల్ని చదివించుకునే తల్లిదండ్రులకూ. ఎటిమాన్‌లైన్ అనేది ఇంగ్లిష్ మాట ఎక్కడ పుట్టింది, ఏ కాలంలో ఏ అర్థంతో వాడారు అని చెప్పే ఉచిత నిఘంటువు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఉండే డగ్లస్ హార్పర్ దీన్ని మొదలుపెట్టి ఏళ్ల తరబడి పెంచుకుంటూ వచ్చారు.

మనం రోజూ అనే 'నైస్' కొట్టి చూడండి. లాటిన్‌లో 'నెస్కియుస్' అంటే ఏమీ తెలియనివాడు; అది పాత ఫ్రెంచి మీదుగా 13వ శతాబ్దం చివర ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి తెలివితక్కువ అనే అర్థంతో వచ్చింది, ఆ తర్వాత చాదస్తం, నాజూకు, ఖచ్చితం అంటూ మారుతూ మారుతూ 1769 నాటికి 'బాగుంది' అయింది, 1830కి 'మంచి మనసున్న' అనే అర్థం కూడా చేరింది. ఈ 'నెస్కియుస్'లో ఉన్న, 'తెలియడం' అనే అర్థమిచ్చే లాటిన్ క్రియ నుంచే 'సైన్స్' కూడా వచ్చింది. 'ఎ నైస్ డిస్టింక్షన్' అంటే సూక్ష్మమైన తేడా అని ఎందుకు అంటారో, పాత అర్థం తెలిస్తే పిల్లలకు బట్టీ అక్కర్లేదు. ఇలా ఒక్కో అర్థానికి ఒక్కో కాలం పక్కనే చూపించడమే నా దృష్టిలో ఈ సైటుకున్న అసలు బలం, మామూలు డిక్షనరీ ఈనాటి అర్థం చెప్పి ఊరుకుంటుంది.

మా పిల్లలకు బాగా ఎక్కింది మాత్రం 'బాండికూట్'. అది మన పందికొక్కే! పెన్నా కింద మడి గట్లకు బొక్కలు పెట్టి రైతును ఏడిపించే జీవి పేరు 18వ శతాబ్దంలో ఇంగ్లిష్‌లోకి వెళ్లింది, తర్వాత ఆస్ట్రేలియాలో పొట్ట సంచిలో పిల్లల్ని పెంచుకునే వేరే జంతువుకు కూడా అదే పేరు పెట్టారు, దానికీ మన కొక్కుకూ చుట్టరికమే లేదు. ఇది తెలుగు మాట అని ఆ సైటులోనే రాసి ఉండటం చూసి పిల్లలు ఎంత సంబరపడ్డారో.

ఇబ్బందులూ ఉన్నాయి. అంతా ఇంగ్లిష్‌లోనే, అదీ పొడి అక్షరాలతో. 'లేట్ 13సి' అంటే 13వ శతాబ్దం చివర అని, నక్షత్రం గుర్తు (*) పెట్టిన మూలరూపం ఎక్కడా రాతలో దొరికింది కాదు, పండితులు పోల్చి ఊహించి కట్టింది అని ముందే చెప్పకపోతే పిల్లలకు టెన్షన్. ప్రకటనలు అడ్డమొస్తాయి. ఉచ్చారణ, వాక్యప్రయోగం నేర్చుకోవడానికి వేరే నిఘంటువు పక్కన ఉండాల్సిందే.

ఎనిమిదో తరగతి లోపు పిల్లలకు వదిలేయకండి, పెద్దవాళ్లు పక్కన కూర్చుని చూపించాలి. బీఈడీ చదివేవాళ్లూ, పోటీ పరీక్షల వాళ్లూ నేరుగా వాడుకోవచ్చు. ఐదుకి నాలుగున్నర ఇస్తాను.